తెల్ల కారుకి తెల్ల అతుకు

బుడగల డాక్టరంటే బజారంతటికీ తెలుసు. నిజానికి ఆయన డాక్టరూ కాదు, ఆయన దగ్గర మందులూ లేవు. బళ్ళకి వినైల్ స్టిక్కర్లు తొడిగే పని ఆయనది. బస్సు పొడుగునా ప్రకటన అతికించాలన్నా, వ్యాను అద్దాల మీద బొమ్మలు వెయ్యాలన్నా, పాత కారుకి నిలువెల్లా కొత్త రంగు తొడగాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. స్టిక్కరు కింద ఎక్కడైనా గాలి బుడగ మిగిలితే సన్నటి సూదితో ఒక పోటు పొడిచి, వేలితో నిమిరి మాయం చేస్తాడు. అందుకే ఆ పేరు.

వారమంతా ఊళ్ళోవాళ్ళ బళ్ళ చుట్టూ వంగి వంగి తిరిగేసరికి ఆదివారం నాటికి ఆయన నడుము ఆయన మాట వినడం మానేస్తుంది. ఆ ఆదివారం కూడా కుర్చీలో కూలబడి ఏ పనీ చెయ్యకూడదని గట్టిగా అనుకునే నిద్ర లేచాడు పాపం. అనుకున్న మాట మీద నిలబడి ఉంటే మనకి ఈ గొడవే లేకపోయేది.

ఇంట్లో ఉన్నది తెల్ల కారు. అది ఆయనది కాదు, భార్యది. ఆవిడ టైలరు. ఏళ్ళ తరబడి మిషను తొక్కి కొనుక్కుంది, నలభై దాటాక డ్రైవింగు నేర్చుకుంది. బాగానే నడుపుతుంది కూడా. కాకపోతే పక్క సీట్లో మొగుడు కూర్చుంటాడు.

"బ్రేకు! బ్రేకు అన్నానా!"

"అది స్పీడు బ్రేకరు కాదండీ, చెట్టు నీడ."

"నీడైతే మాత్రం? మెల్లగా పోతే నీ సొమ్మేం పోయింది?"

"ముందు ఆ కళ్ళు చూపించుకోండి. చత్వారం వచ్చింది మీకు."

"కళ్ళజోడా! అది పెట్టుకుని షాపులో కూర్చుంటే, వీడికే కనపడదు, మన బండి మీద బుడగలేం చూస్తాడని ఒక్కడూ రాడు."

ఇలా సాగి సాగి, ఓ రోజు నడిరోడ్డు మీద పందెం దాకా వెళ్ళింది. కారుకి మొదటి గీత ఆవిడ చేతిలో పడితే తాళాలు మొగుడికి ఇచ్చేసి పక్క సీట్లోకి మారిపోవాలి. ఆయన చేతిలో పడితే, ఇక కారెక్కినప్పుడల్లా ఆయన నోటికి తాళం. ఆవిడకి తాళాలు పోతే ప్రాణం పోయినట్టే. ఆయనకి ఆ కామెంటరీ పోతే జీవితంలో ఇంకేం మిగలదు.

ఆదివారం పొద్దున చెల్లెలింటి సందులో కారు పట్టదని ఆవిడ బస్సెక్కి వెళ్ళింది. కుర్చీలో కూర్చున్న డాక్టరుకి ఎండలో మాడుతున్న కారు కనబడింది. పాపం, నీడలోకి జరుపుదామన్న మంచి ఆలోచన వచ్చింది. ఆయనకి మంచి ఆలోచనలు అచ్చిరావు.

వెనక్కి తీస్తుంటే గేటు స్తంభం వచ్చి తగిలింది. ఆయన మాటల్లో చెప్పాలంటే అంతే, స్తంభమే వచ్చి తగిలింది. దిగి చూస్తే ఎడమవైపు వెనక తలుపు మీద జానెడు గీత. ఇక నోటికి తాళం పడ్డట్టే అనుకున్నాడు.

ఒక్క క్షణం మాత్రమే. మరుక్షణం ఆయనలోని పనిమంతుడు లేచాడు. స్కూటరు డిక్కీలో తెల్ల వినైల్ ముక్క ఉంది. వేడి చెయ్యడానికి భార్య జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుంది. ఆవిడ సాయంత్రానికి గానీ రాదు. సబ్బు నీళ్ళ బక్కెట్టు పెట్టుకుని, కిటికీలోంచి వైరు లాగి, నడుం పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు.

పని మొదలెట్టాడో లేదో గోడ మీంచి ఒక తల లేచింది. పక్కింటాయన. ఆయన నోట్లోంచి ప్రశ్న తప్ప ఇంకోటి రాదు.

"ఏం చేస్తున్నారు?"

"కారు తుడుస్తున్నా."

"డ్రయ్యరుతోనా?"

"తడి ఆరాలి కదండీ."

"తలుపొక్కటే తడిసిందా?"

డాక్టరు పళ్ళు బిగించి ముక్క అతికించాడు, పైనుంచి కిందికి రుద్దుకుంటూ వచ్చాడు. కింది అంచు దగ్గరికొచ్చేసరికి వేలికి ఏదో తగిలింది. ఇనుము స్పర్శ కాదది. ఆయన వేళ్ళకి ఇనుమేదో, వినైలేదో చెప్పక్కర్లేదు. ఆ తలుపుకి కింద అప్పటికే ఒక అతుకుంది!

గోటితో గీరాడు. డ్రయ్యరు వేడికి మెత్తబడిన అంచు పైకి లేచింది. ఆ అంచు తలుపు కింద లోపలికి నీటుగా మడిచి ఉంది, లంగా అంచు మడిచి కుట్టినట్టు. స్టిక్కర్ల పనివాడెవడూ అలా మడవడు. ఆ మడత ఎవరి చేతిదో ఆయనకి పెళ్ళైన కొత్తనుంచీ తెలుసు.

"అమ్మ దొంగా!" అన్నాడు, సంతోషం పట్టలేక. "నాకంటే ముందే గీసి, నా షాపులో ముక్కే కొట్టేసి, నాకే అతుకేసిందా!"

ఆ అతుకు సర్రున లాగేశాడు. కింద గీత బయటపడింది. పైన తన గీత భద్రంగా కప్పబడిపోయింది. నడుం నొప్పి ఎటు పోయిందో తెలీదు. కుర్చీ గేటు దగ్గరికి లాక్కుని, పీకిన ముక్క ఒళ్ళో పెట్టుకుని, తాళాల గుత్తి వేలికి తగిలించుకునే రోజులు తలుచుకుంటూ కూర్చున్నాడు.

సాయంత్రం భార్య కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. బస్సులో సీటు దొరకలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"కారు తుడుస్తుంటే ఇది ఊడొచ్చింది," అన్నాడు ముక్క పైకెత్తి. "ఏంటి సంగతి?"

ఆవిడ సంచి కింద పెట్టింది. గీత వంక చూసింది, మొగుడి వంక చూసింది.

"గీతలో ఆ నీలం రంగెక్కడిదండీ?"

"నన్నడుగుతావేంటి?"

"మీ షాపు ముందు ఇనప స్తంభం ఏం రంగు?"

"నీలం," అన్నాడు నోరు జారి.

"వాన పడ్డ రోజు స్కూటరు కదల్లేదని కారేసుకుని వెళ్ళిందెవరు? ఇంటికొచ్చి, ఏదో గోనెసంచి తగిలినట్టు చప్పుడైందే అన్నదెవరు?"

"ఎవరు?" అన్నాడు గోడ మీంచి పక్కింటాయన.

డాక్టరు ఆఖరి అస్త్రం తీశాడు. "పోనీ అదొక్కటే కదా. మిగతా కారంతా అద్దంలా ఉంది చూడు."

"మరి దాని పైన ఈ మీగడ రంగు ముక్కేంటి?"

"మీగడ రంగేంటి? తెలుపు!"

ఆవిడ సంచిలోంచి తన కళ్ళజోడు తీసి, ఏమీ అనకుండా మొగుడి మొహానికి తగిలించింది. చుట్టూ గులాబీ రంగు పువ్వులున్న జోడు. ఆయన విదిలించుకోబోయి తలుపు వంక చూసి ఆగిపోయాడు. తెల్ల తలుపు మీద మీగడ రంగు ముక్క. ముక్క నిండా బుడగలు. జన్మలో అంత చెత్త పని ఆయన చూడలేదు. చేతిలో ఉన్న ముక్క తిప్పి చూశాడు. పీకినందుకు ముడతలు పడింది గానీ, అంచు అంచంతా తీర్చినట్టుంది. అతుకని తెలీకుండానే దాని మీద ఎన్ని ఆదివారాలు గుడ్డ పెట్టి తుడిచాడో!

"అవునూ," పక్కింటాయనకి కొత్త సందేహం వచ్చింది, "మీ గేటు స్తంభానికి తెల్ల రంగెప్పుడు వేశారు?"

ముగ్గురూ స్తంభం మీది తెల్ల చార వంక చూశారు. ఇద్దరికి అర్థమైంది. మూడోవాడికి ముందే తెలుసు.

డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. నడుం నొప్పి తిరిగొచ్చింది. "ఆ రోజే తెలిసిందిగా. పందెం గెలిచానని అనొచ్చుగా?"

"అందామనే వచ్చాను." ఆవిడ మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పింది. "బొంకుతున్నారేమో అనుకున్నా. మీ మొహం చూస్తే నిజంగానే గోనెసంచి అనుకుంటున్నారు. కనపళ్ళేదు మీకు. ఆ మాట బజార్లో పడితే రేపు బండి ఎవరు తెస్తారు మీ దగ్గరికి? భయమేసింది నాకు. అందుకే మూసేశా."

ఆయన చేతిలోని ముక్క ముడతలు వేలితో నిమిరాడు. గులాబీ పువ్వుల జోడు మాత్రం తియ్యలేదు.

"రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం," అన్నాడు చివరికి. "నువ్వే నడుపు."

"అలాగే. లేవండి, వెలుతురుండగానే పనైపోవాలి." ఆవిడ సంచిలోంచి కత్తెర తీసింది. "అసలు తెల్ల ముక్క నా మిషను కింద ఇంకోటుంది, తెస్తా. రెండిటికీ నేనే వేస్తా. మీరు డ్రయ్యరు పట్టుకోండి."

బుడగల డాక్టరు డ్రయ్యరు పట్టుకుని కారు పక్కన వంగాడు.

"దగ్గరగా... అంత దగ్గరగా కాదు. మెల్లగా. మెల్లగా అన్నానా! ఎడమకి. మీ ఎడమకి. ఆపండి! ఆపమంటే వినపడదా?"

ఆయన ఏదో అనబోయాడు. ఆవిడ తలెత్తి గేటు స్తంభం వంక ఒక్కసారి చూసింది. ఆయన నోరు మూసుకుని, చెప్పినవైపుకి డ్రయ్యరు జరిపాడు.