యూనిఫారం కుట్టిందెవరు?

ఆ రోజు ఉదయం ప్రార్థన అయ్యాక ఒక చిన్న నాటకం, తర్వాత మామూలుగా క్లాసులు. అనుకున్నది అంతే. తొమ్మిదో తరగతి పిల్లలు ‘న్యాయంగా కొందాం’ అని ఒక సంఘం పెట్టారు. మనం కొనే వస్తువు తయారుచేసినవాళ్ళకు సరైన కూలి ముడుతోందో లేదో అడిగి మరీ కొనాలన్నది వాళ్ళ ప్రచారం. నాయకురాలు, నోరు తెరిస్తే ప్రశ్నే వచ్చే అమ్మాయి. అందరూ లాయరమ్మ అంటారు. నాటకంలో పిసినారి వ్యాపారి వేషం డ్రిల్ మాస్టారిది.

“మీరు గుర్తుపట్టలేనంతగా తయారై వస్తా, చూస్కోండి,” అని ఆయన ముందురోజే బడాయి పోయాడు.

హాలు నిండా పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు. ముందు వరుసలో ప్రిన్సిపల్ మేడం. డ్రిల్ మాస్టారి జాడ లేదు. సరిగ్గా అప్పుడే, స్కూలుకు యూనిఫారాలు సరఫరా చేసే కాంట్రాక్టరు కొత్త ఆర్డరు కోసం మేడంను వెతుక్కుంటూ పక్క తలుపులోంచి తొంగిచూశాడు. గంపంత పొట్ట, పొదలాంటి మీసం.

లాయరమ్మ నోరెళ్ళబెట్టింది. “అబ్బ, ఏం వేషం సార్! రండి రండి, మీకోసమే ఆగాం.”

సన్మానం కాబోలనుకుని ఆయన చొక్కా సర్దుకుని స్టేజీ ఎక్కాడు.

“ఈ యూనిఫారం కుట్టిందెవరు?” లాయరమ్మ గద్దించింది.

“మా దర్జీలమ్మా.”

“వాళ్ళ కూలి సరిగ్గా ఇస్తున్నారా?”

ఆయన నవ్వు సగంలో ఆగింది. ఇంతలో దర్జీ వేషం వేసిన ఆరో తరగతి పిల్ల వచ్చి కాళ్ళమీద పడింది. “అయ్యా, గుండీ ఊడితే మా కూలిలో కోస్తున్నారు! ఉక్కపోతకు చస్తున్నా ఫ్యాను వేయనివ్వట్లేదు!”

పిల్లలు ఊహించి రాసుకున్న మాటలవి. ఆయన కుట్టుషెడ్డులో జరుగుతున్నదీ అచ్చం అదే. “ఎవరమ్మా మీకు చెప్పింది?” అన్నాడు నుదురు తుడుచుకుంటూ.

“మన డ్రిల్ మాస్టారు పాత్రలో ఏం జీవిస్తున్నాడు! అచ్చం మన కాంట్రాక్టరే!” అని మేడం చప్పట్లు కొట్టారు. హాలంతా కొట్టింది.

నాటకం ప్రకారం ఇక వ్యాపారి మీసం పీకాలి. లాయరమ్మ పీకింది. రాలేదు. రెండు చేతులా పట్టుకుని పీకింది. “ఏం జిగురు వాడారు సార్?”

“అమ్మో! వదలండి తల్లీ! ఇక కోయను! కోసిందంతా ఇచ్చేస్తా, కూలి కూడా పెంచుతా!” కాంట్రాక్టరు కేకపెట్టాడు. “అయినా నేనొక్కణ్ణే తిన్నానా? మేడం గారింట్లో కొత్త సోఫా ఎవరు కొనిచ్చారో అడగరేం?”

చప్పట్లు ఆగాయి. మేడంవి అందరికన్నా ముందు ఆగాయి.

అప్పుడు వెనక తలుపు తోసుకుని డ్రిల్ మాస్టారు పరుగెత్తుకొచ్చాడు. పొట్టకు కట్టుకున్న దిండు జారిపోతోంది, మీసం చెంపకు అంటుకుని ఉంది. “జిగురు ఆరక ఆలస్యమైంది. నా డైలాగు వచ్చేసిందా?”

లాయరమ్మ ఆయన వంకా ఈయన వంకా చూసి చప్పున మీసం వదిలేసింది. ఇంత పని చేశాక స్కూల్లోంచి పంపేయడం ఖాయం. కానీ ఇంతమంది ముందు మాట తీసుకునే అవకాశం మళ్ళీ దొరకదు. “కూలి పెంచుతానన్నది ఇంకోసారి చెప్పండి అంకుల్. వెనకవాళ్ళకు వినపడలేదు,” అంది.

“చెప్పండి, చెప్పండి!” అన్నారు తల్లిదండ్రులు. చెప్పక తప్పలేదు. చెప్పాక ఇవ్వకా తప్పలేదు. నెల తిరిగేసరికి దర్జీలకు కూలి పెరిగింది, షెడ్డులో ఫ్యాను తిరిగింది. లాయరమ్మను పంపేయమనడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఈ మధ్య ప్రిన్సిపల్ మేడం ఇంటికి ఎవరు వెళ్ళినా చాపమీదే కూర్చోబెడుతున్నారు, నడుముకు మంచిదట.