స్లౌ స్వాతంత్ర్య ప్రకటన

"స్లౌ తెలుగువారు ఈ క్షణం నుంచి స్వతంత్రులు" అని లండన్ పక్కనున్న ఆ ఊరి వాట్సాప్ గ్రూపులో ఆదివారం ఉదయం తొమ్మిదింటికి చలపతి ప్రకటించాడు. పది నిమిషాల్లో పద్నాలుగు దండాలు, ఒక "హ్యాపీ బర్త్‌డే" వచ్చాయి.

ఇంత మహత్తర ఉద్యమానికి కారణం చిన్నదేం కాదు. ఏడేళ్లుగా ఉగాది సభకు దీపం మోసుకొచ్చేది చలపతి. కౌన్సిల్ హాల్లో నిప్పు వెలిగించనివ్వరు కనుక అది బ్యాటరీ దీపం. బ్యాటరీలు వేసేదీ చలపతే. చప్పట్ల మధ్య స్విచ్ నొక్కేది మాత్రం లండన్‌లోని వెంబ్లీ నుంచి వచ్చే తెలుగు సంఘాధ్యక్షుడు బాపురావు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ స్విచ్ తను నొక్కాలని చలపతి ప్రాణం కొట్టుకుపోతోంది.

అలాంటి రోజుల్లో కూతురు శ్రీజ స్కూలు ప్రాజెక్టు కోసం అమెరికా స్వాతంత్ర్య పోరాటం చదివింది. పదమూడు వలస రాజ్యాలు, ఒక కాంగ్రెస్, టీ బహిష్కరణ, లండన్ మీద తిరుగుబాటు. వింటున్న చలపతికి ఒళ్లు పులకరించింది.

"నాన్నా, దే వర్ ఫైటింగ్ అ కింగ్," అంది శ్రీజ.

"బాపురావు అంకుల్ సంగతి నీకు తెలీదులేమ్మా."

వెంటనే తన ఫ్లాట్‌లోనే పదమూడు మంది ప్రతినిధులతో మహాసభ పెట్టాడు. తనతో కలిపి పన్నెండు మందే తేలారు. వంటింట్లో ఉన్న భార్య రత్నకుమారిని అడక్కుండానే పదమూడో ప్రతినిధిని చేశాడు. వెంబ్లీ వాళ్ల టీ ఇక ముట్టకూడదన్న తీర్మానాన్ని, ఆవిడ పెట్టిన రెండో విడత టీ తాగుతూ ఏకగ్రీవంగా ఆమోదించారు.

ఆఖరి అంశం: స్వతంత్ర స్లౌ తొలి ఉగాదికి దీపం ఎవరు వెలిగించాలి?

"ఉద్యమం లేపింది నేనే కదండీ," అన్నాడు చలపతి సిగ్గుపడుతూ.

"హాల్ బుక్ చేసింది ఎవరండీ?" అన్నాడు తేజ.

"నూట ఇరవై మందికి పులిహోర మా ఇంట్లోనే కలుపుతున్నాం," అంది మధులిక.

రహస్య ఓటింగ్ పెట్టారు. పదమూడు మందికీ తలా ఒక ఓటు వచ్చింది. రత్నకుమారికి కూడా.

చివరికి ఎవరి పక్షమూ కాని పెద్దమనిషి చేత వెలిగిద్దామని రాజీపడ్డారు.

ఉగాది నాడు చప్పట్ల మధ్య బాపురావు వేదికెక్కి స్విచ్ నొక్కాడు. దీపం వెలగలేదు. మొదటి వరుసలో కూర్చున్న చలపతి కొత్త లాల్చీ జేబు తడుముకున్నాడు. నాలుగు బ్యాటరీలూ భద్రంగా ఉన్నాయి. స్వాతంత్ర్యమంటే ఇదే కదా అని అతని గుండె ఉప్పొంగింది.

"ఏం ఫికర్ లేదు," అన్నాడు బాపురావు మైకులో. "మన చలపతి ఉన్నడు గద!"

హాలంతా అతనివైపు తిరిగింది. చలపతి లేచాడు. నాలుగు బ్యాటరీలూ వేశాడు. బాపురావు మళ్లీ నొక్కాడు.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది చలపతే.