చేత్తో గీసినట్టు లేదట!

కంప్యూటరు వచ్చి చిత్రకారుల పొట్ట కొట్టిందని ఏడ్చేవాళ్లను ఒకసారి నాందేడ్ పంపించాలి. అక్కడ అనంతరాములును చూస్తే వాళ్ల కళ్లు తెరుచుకుంటాయి. గీయకుండానే చిత్రకారుడనిపించుకునే యోగం ఇంతకుముందు ఎవరికైనా పట్టిందా?

అనంతరాములు ఒకప్పుడు పళ్లపొడి డబ్బాలకూ, బీడీ కట్టలకూ, సబ్బు క్యాలెండర్లకూ బొమ్మలు వేసేవాడు. తలనూనె సీసా మీది సుందరికి కనురెప్పలు గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. కుంచె జాడ ఎక్కడా కనిపించకూడదని, బొమ్మ అచ్చులోనే పుట్టినట్టుండాలని ఆయన పంతం. ఎంత వెనుకబడిన ఆలోచనో చూడండి!

ఆ సుందరి పుణ్యాన పేరు తెచ్చుకున్న నూనె కంపెనీ, మధ్యలో ఆమెను తీసేసి సినిమా తార ఫొటో వేసింది. ఇప్పుడు జనానికి పాతకాలం మీద ప్రేమ పుట్టుకొచ్చింది కదా! యజమాని మనవడు నందకిషోర్ స్వయంగా అనంతరాములు ఇంటికి వచ్చాడు.

"బాబా, మన నూనెకు మళ్ల వింటేజ్ లేబుల్ గావాలె. హ్యాండ్‌మేడ్ గావాలె," అన్నాడు.

డెబ్బై దాటిన మనిషికి అంతకంటే ఏం కావాలి? చచ్చేలోగా తన బొమ్మ మరొక్కసారి దుకాణాల్లో కనిపించాలన్నదే ఆయన కోరిక. భార్య లక్ష్మీబాయిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఆమె తెల్లజుట్టును నల్లగా ఊహించుకుంటూ, మందపాటి డ్రాయింగ్ కాగితం మీద వారం పాటు గీశాడు. పొయ్యి మీద పప్పు మాడుతున్నా ఆమెను లేవనివ్వలేదు.

కంపెనీకి తీసుకెళ్లి ఇస్తే నందకిషోర్ ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మస్తుగుంది బాబా. గానీ చేత్తోని గీసినట్ల కనవడుతలేదు. మరీ సాఫ్‌గుంది."

బొమ్మను అక్కడే వదిలి ఇంటికొచ్చి ఈ మాట చెబితే లక్ష్మీబాయికి ఎక్కలేదు. "గదేంది? మరి కాలుతోని గీసినట్ల కనవడుతుందా?" అంది.

ఆవిడకు మార్కెటింగ్ తెలియదు పాపం. చేత్తో గీసిన బొమ్మంటే గీత వంకర పోవాలి, రంగు హద్దు దాటాలి, కాగితం పసుపెక్కాలి. ఇవన్నీ కంప్యూటరు చాయ్ చల్లారేలోగా చేసిపెట్టింది. పూర్వం బొమ్మ పాతబడాలంటే ఏళ్ల తరబడి ఎండలో పడి ఉండాల్సి వచ్చేది. ఇప్పుడది పుడుతూనే ముసలిది! పైగా ఆ కొత్త సుందరి ఎడమ చేత్తో నూనె సీసా అందిస్తోంది. ఎడమ చేత్తో ఇస్తే ఎవరు పుచ్చుకుంటారని అనంతరాములు నసిగితే, "గంత ఎవరు చూస్తరు బాబా" అన్నాడు నందకిషోర్.

అంతటితో ఆయన్ను వదిలేశారనుకునేరు! ఎంత మర్యాదస్థులు! ప్రకటనకు రీల్ తీస్తారట. అందులో ఆయన ఈ బొమ్మను గీస్తున్నట్టు కూర్చోవాలట. కుంచెకు రంగు మాత్రం అంటకూడదు, ప్రింటు పాడవుతుంది. బొమ్మ కంప్యూటరుది, చెయ్యి అనంతరాములుది. ఇంతకంటే న్యాయమైన పంపకం ఉంటుందా?

"పోతే పో. వచ్చేటప్పుడు నా బొమ్మ వాపస్ పట్టుకరా," అంది లక్ష్మీబాయి.

ఆయన వెళ్లాడు. చివరి నిమిషంలోనైనా మనసు మార్చుకుని తన బొమ్మే పెడతారేమోనన్న ఆశ ఇంకా చావలేదు.

షూటింగులో కెమెరా పట్టి, ఆయన్ను మరాఠీలో ‘ఆజోబా’ అంటే తాతా అని పిలిచే మంగేశ్‌కు ఒక చిక్కు వచ్చిపడింది.

"ఆజోబా, చెయ్యి జరంత వణకాలె. గింత కడక్‌గుంటే ముసలి ఆర్టిస్టు లెక్క అనిపిస్తలేదు."

"నా చెయ్యి వణకది బాబూ," అన్నాడు అనంతరాములు. ఇన్నేళ్లూ అన్నం పెట్టింది ఆ వణకని చెయ్యే మరి. ఆ మాట గర్వంగానే అన్నాడు.

ఇంతలో బల్ల ఊగుతోందని ఎవరో ఒక కాగితాన్ని నాలుగు మడతలు వేసి దాని కాలి కింద దోపారు. అనంతరాములు వంగి చూశాడు. మడత అంచున లక్ష్మీబాయి కన్ను కనిపించింది.

బల్ల ఊగడం ఆగింది. ఆయన చెయ్యి మొదలుపెట్టింది. రెండో చేత్తో అదిమి పట్టుకున్నా ఆగలేదు.

"బస్ ఆజోబా, అసంచ్ పాహిజే, గిట్లనే ఉండాలె," అన్నాడు మంగేశ్ సంతోషంగా. "ఇప్పుడు మంచిగ చేత్తోని గీసినట్ల కనవడుతుంది."