సోలార్ పలకల మీద ఉప్పు టీ

ఆ రోజు ఉదయం చోయ్జిల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటల్లోపు నూట ఇరవై సోలార్ పలకలు కడిగేయాలి, ఇంటికి వెళ్లి మాంసం వేసిన నూడిల్స్ తినాలి, ఆ తర్వాత మర్నాడు మధ్యాహ్నం దాకా ఏ పనీ పెట్టుకోకూడదు. మర్నాడు మధ్యాహ్నం తనిఖీ ఉంది. తనిఖీ ముందు రోజు ఊరికే కూర్చోలేక ఏదో ఒకటి కదిపినవాడు తప్పకుండా దాన్ని చెడగొడతాడని అతని నమ్మకం. చెడగొట్టడానికి తనే అక్కర్లేదని మాత్రం అతనికి తోచలేదు.

గోబీ ఎడారి అంచున ఉన్న ఆ ఊళ్లో ఐదేళ్లుగా మనుషులు పెద్దగా పెరగలేదు గానీ ప్లగ్గులు పెరిగాయి. ప్రతి గుడారంలోనూ ఫ్రిజ్, టీవీ, బట్టలుతికే మిషను చేరాయి. ఎక్కడో బొగ్గు కాల్చి, నూట ఎనభై కిలోమీటర్ల తీగ మీద పంపే కరెంటు దారిలోనే నీరసపడేది. సాయంత్రం నలుగురు కెటిళ్లు పెడితే మిగతా ఊరి బల్బులు ఎర్రబడేవి. అందుకని ప్రభుత్వం ఊరి బయట, బావి పక్కన, సోలార్ కేంద్రం కట్టించింది. సగమే కట్టించింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటి గంట దాకా మీటరు నలభై కిలోవాట్ల కిందికి దిగకుండా ఉంటే మిగతా సగం చలికాలం లోపే ఇస్తామంది. దిగితే ఆ సగం ఇంకో ఊరికి పోతుంది.

మిగతా సగంతో పాటు బడికి కరెంటు హీటర్లు వస్తాయి. చోయ్జిల్ కూతురు నింజిన్ రెండో తరగతి. తరగతిలో ఆ పిల్ల చోటు బొగ్గు పొయ్యి పక్కన. పోయిన చలికాలం నాలుగు నెలల పాటు దగ్గింది. నిద్రలో కూడా దగ్గింది. కేంద్రానికి కాపలాదారు అయిన చోయ్జిల్ ఈ సంగతి ఎవరితోనూ అనలేదు గానీ, ఒక్కో పలకనూ కంటి అద్దంలా తుడవడానికి కారణం అదే.

పదింటికి పని అయిపోయింది. మీటరు నలభై నాలుగు చూపిస్తోంది. అతను గేటు దగ్గర చేతులు తుడుచుకుంటూ ఉండగా అత్తగారు యంజ్మా వచ్చింది. ఆమెకు డెబ్భై ఒకటి. ఒక చేతిలో బకెట్ నిండా పాలు పోసి కాచిన ఉప్పు టీ, ఇంకో చేతిలో తొమ్మిది గుంటల చెక్క గరిటె. రోజూ పొద్దున్నే మొదటి టీ ఆకాశానికి చల్లనిదే ఆ ఇంట్లో ఎవరూ గుక్కెడు తాగరు.

"ఏమయ్యా, రేపు అంత పరీక్ష పెట్టుకుని వీటికి చుక్క టీ అయినా చల్లావా?" అంది.

"ఇవి టీ తాగవు అత్తయ్యా. ఎండ తాగుతాయి."

"నువ్వు మోటార్ సైకిల్ కొన్న రోజు ముందు చక్రానికి నేను పాలు చల్లలేదూ? ఏడేళ్లయింది. ఒక్కసారైనా పడ్డావా?"

అతను రెండుసార్లు పడ్డాడు. ఆ రెండుసార్లూ ఇంట్లో చెప్పలేదు. అందువల్ల ఇప్పుడు వాదించడానికి నోరు లేకుండా పోయింది. గేటు తీసి పక్కకు తప్పుకున్నాడు.

యంజ్మా గరిటె ముంచి, మొదటి వరుస మీదికి ఒక్క విసురు విసిరింది. ఆ వయసు చేతికి అంత బలం ఎక్కడిదో గానీ చుక్కలు మూడో వరుస దాకా వెళ్లాయి. వరుసకో తొమ్మిది సార్లు చల్లి, చివరి స్తంభానికి నీలి పట్టు కండువా కట్టి, బకెట్ ఖాళీ చేసుకుని వెళ్లిపోయింది. మీటరు నలభై మూడుకు దిగింది. పెద్దావిడ ముచ్చట తీరింది, ఒక్క అంకెతో పోయింది అనుకుని చోయ్జిల్ నూడిల్స్ తినడానికి వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర వరుస కట్టి ఉంది. యంజ్మా బకెట్‌తో వెళ్లడం ఊరంతా చూసింది. ఒక ఇల్లు చల్లిందని తెలిశాక మరో ఇల్లు చల్లకుండా ఊరుకోవడం ఆ ఊళ్లో జరగని పని. కొట్టు నడిపే పగ్మా ఆడగుర్రం పాలు తెచ్చింది. బడి పెద్దపంతులు ఫ్లాస్కుతో వచ్చాడు. మిగతావాళ్ల చేతుల్లో ఉప్పు టీ కెటిళ్లు.

"నువ్వు పక్కకు జరుగు చోయ్జిల్," అంది పగ్మా. "యంజ్మా అక్క ఒక్కతే చల్లితే కరెంటు మీ ఇంటివైపే మొగ్గుతుంది. మా ఫ్రిజ్‌లో గొర్రె మొత్తం ఉంది."

"కరెంటు అలా మొగ్గదు అక్కా."

"మొగ్గకపోతే మరీ మంచిది. జరుగు."

పాలు పట్టుకొచ్చే మనిషికి చెయ్యి అడ్డం పెట్టినవాడు ఆ ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు. మొదటివాడు తానవడం చోయ్జిల్‌కు ఇష్టం లేదు. జరిగాడు. మధ్యాహ్నానికి యాభై ఇళ్లవాళ్లు వచ్చి వెళ్లారు. ఆ తర్వాత ఎడారి గాలి లేచింది. తడి టీ మీద ధూళి పడింది, ఎండకు ఎండింది, నూట ఇరవై పలకలూ పొయ్యి అలికినట్టు తయారయ్యాయి. మీటరు ముప్పై మూడు.

చోయ్జిల్ ఒక డబ్బా ఎక్కి నిలబడి, ఇంకా అక్కడే కబుర్లాడుకుంటున్న జనాన్ని చూసి గొంతు పెంచాడు. "పెద్దలంతా వినండి. పొద్దుట నలభై నాలుగు ఉండింది. ఇప్పుడు ముప్పై మూడు. కరెంటు తగ్గిపోతోంది."

పెద్దపంతులు తల దించుకున్నాడు. "తప్పు మనదే," అన్నాడు. "నేనైతే ఫ్లాస్కులో సగమే తెచ్చాను. నిజం చెప్పాలంటే పొద్దుట మిగిలిన టీ."

"నేనూ నీళ్లు కలిపాను," అంది ఇంకొకావిడ.

అందరూ సిగ్గుపడి ఇళ్లకు వెళ్లి, ఈసారి కొత్తగా కాచి, ఉప్పూ పాలూ వెనకాడకుండా వేసి, నిండు కెటిళ్లతో తిరిగొచ్చారు. మూడింటికి మీటరు ఇరవై ఎనిమిదికి దిగింది. చోయ్జిల్ ఆ తర్వాత ప్రసంగాలు మానుకున్నాడు.

ఇక మిగిలింది ఒకటే దారి, మళ్లీ కడగడం. నీళ్ల డబ్బా, చీపురు తీసుకుని మొదటి వరుస దగ్గరకు వెళ్లేసరికి యంజ్మా ఎదురుగా నిలబడింది.

"ఏం చేస్తున్నావు?"

"కొంచెం తుడుస్తాను అత్తయ్యా. కొంచెమే."

"ఆకాశం తాగుతూ ఉంటే మూతి కడుగుతావా?"

"ఎప్పటికి తాగడం అవుతుంది?"

"మూడు రోజులు." ఆమె కోప్పడలేదు. తెలియని పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "అర్పించిన పాలను చీపురుతో ఊడ్చిన ఇంట్లో పిల్లలకు జబ్బు చేస్తుంది నాయనా. నింజిన్ అసలే దగ్గుతోంది."

చోయ్జిల్ చేతిలో చీపురు బరువెక్కింది. ఆ పిల్ల దగ్గు కోసమే తుడవాలని అతను చూస్తున్నాడు, ఆ పిల్ల దగ్గు కోసమే తుడవొద్దని ఆమె అంటోంది. చీపురు గోడకు ఆనించి, జిల్లా కేంద్రంలో ఉన్న ఇంజినీరు న్యాంసురేన్‌కు ఫోన్ చేశాడు.

"ఇరవై ఎనిమిదా? అంత తగ్గిందేంటి అన్నా? పలకల మీద ఏమన్నా పడిందా?"

ఊరంతా కలిసి టీ పోసిందని చెప్పడానికి అతనికి మొహం చెల్లలేదు. "తెల్లగా పడింది," అన్నాడు.

"మంచా? సెప్టెంబరు మొదటి వారంలోనా?"

చోయ్జిల్ అవుననలేదు, కాదనలేదు. గొంతు సవరించుకున్నాడు. అటువైపు నుంచి అది అవును అన్నట్టే వినిపించింది.

"సరే, కంగారుపడకు. తనిఖీ ఆయనకు చెబుతాను. మంచు చీపుళ్లు తెస్తారు," అని ఆమె ఫోన్ పెట్టేసింది. పక్క బల్ల దగ్గర కూర్చున్న డ్రైవరు ఆ మాట విన్నాడు. డ్రైవరు బావమరిది గొంబొ కొండ మీద మేకలు మేపుతున్నాడు. అరగంటలో గొంబొకు ఫోన్ వెళ్లింది. లోయలోనే మంచు పడిందంటే రేపు కొండ మీద ఎంత పడుతుందో గొంబొకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మరో మూడు గుడారాలవాళ్లకు కబురు పెట్టి, పొద్దు పొడవకముందే చలికాలపు విడిదికి మందలు తోలాడు. ఆ దారి ఊరి బావి పక్కనుంచే పోతుంది.

మర్నాడు పదింటికి మీటరు ఇరవై ఆరు. యంజ్మా మొదటి వరుస ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. గేటు తెరిచే ఉంది, ఎందుకంటే నిన్న రాలేకపోయినవాళ్లు ఇంకా కెటిళ్లతో వస్తున్నారు. చోయ్జిల్ మెట్టు మీద కూర్చుని, హీటర్లు వెళ్లబోయే ఇంకో ఊరి పిల్లల గురించి ఆలోచించాడు. వాళ్లూ దగ్గుతూనే ఉంటారని సర్దిచెప్పుకోబోయాడు. మనసు సర్దుకోలేదు.

అప్పుడు ఉత్తరాన దుమ్ము లేచింది. దుమ్ములోంచి మోటార్ సైకిల్ మీద గొంబొ, అతని వెనక ఆరు వందల మేకలు, వాటి వెనక మరో మూడు మందలు బయటపడ్డాయి.

"మంచు ఏదిరా?" అన్నాడు గొంబొ బండి ఆపి.

"ఏ మంచు?"

"నువ్వేగా పడిందన్నావు. తెల్లవారకముందే గుడారం విప్పించాను. మా ఆవిడ దారి పొడుగునా నాతో మాట్లాడలేదు."

చోయ్జిల్ జవాబు వెతుక్కునే లోపు ముందు నడుస్తున్న ముసలి మేక ఆగి గాలి వాసన చూసింది. వేసవంతా కొండ మీద ఉప్పు నేల దొరకని మేకలవి. ముసలి మేక గేటులోకి నడిచి, మొదటి పలక కింది అంచును ఒక్కసారి నాకి, ఆలోచించి, మళ్లీ నాకింది. తర్వాత జరిగినదాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు.

"తోలు, తోలు," అని చోయ్జిల్ చీపురు ఎత్తి పరిగెత్తాడు. "పగలగొడతాయి."

"కూర్చో," అంది యంజ్మా పీట మీంచి కదలకుండా. "ఆకాశం తాగి మిగిల్చింది పశువు నాకితే దోషం లేదు. మనిషి కడిగితేనే."

"నిన్న చెప్పలేదే ఈ మాట?"

"నిన్న నువ్వు చీపురు గురించి అడిగావు. మేకల గురించి అడిగావా?"

అతను తిరిగి చూశాడు. ముసలి మేక నాకిన చోట పలక నల్లగా, కొత్తదానిలా నిగనిగలాడుతోంది. మీటరు వైపు చూశాడు. ముప్పై ఒకటి. ఒక పక్క మేకలు వెనక కాళ్ల మీద లేచి పలక పైఅంచు దాకా నాలుక సాగదీస్తున్నాయి. ముప్పై ఆరు. చోయ్జిల్ చీపురు కింద పడేసి మేకలను వరుసల వారీగా సర్దడం మొదలుపెట్టాడు. పదకొండున్నరకు ముప్పై తొమ్మిదైంది. అక్కడే ఆగిపోయింది.

చివరి వరుసను మేకలు ముట్టుకోవడం లేదు. అది పగ్మా గుర్రపు పాలు చల్లిన వరుస. పైన ఎండిన ఆ పాల పొరలో ఉప్పు లేదు. దూరాన తనిఖీ జీపు కనిపిస్తోంది.

చోయ్జిల్ పరుగున పీట దగ్గరకు వచ్చాడు. రెండు రోజులుగా ఏ మాట తన నోట రానే రాదనుకున్నాడో ఆ మాటే అన్నాడు. "అత్తయ్యా, ఇంకో బకెట్ టీ ఉందా? ఉప్పు ఎక్కువ వెయ్యండి."

"ఇప్పటికి దారిలోకి వచ్చావు," అని యంజ్మా లేచింది.

పన్నెండుకు రెండు నిమిషాల ముందు, మేకలు చివరి వరుసను కూడా నాకుతూ ఉండగా, తనిఖీ అధికారి లువ్సాన్ జీపు దిగాడు. నిదానస్తుడు, యాభై దాటినవాడు. వెనక సీటు నిండా పన్నెండు మంచు చీపుళ్లు ఉన్నాయి. ఆయన ఆకాశం చూశాడు, నేల చూశాడు, మేకలను చూశాడు.

"మంచు ఏది?"

"కరిగిపోయిందండి," అన్నాడు చోయ్జిల్.

"పలకల మీద పడి, పలకల మీదే కరిగిందా?"

లువ్సాన్ చివరి వరుస దాకా నడిచి, ఒక మేకను పక్కకు జరిపి, పలక మీద వేలు రాసి, ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు. "మా అమ్మ ఇంత ఉప్పు వెయ్యదు," అని మాత్రం అని, కుర్చీ వేయించుకుని మీటరు ముందు కూర్చున్నాడు.

ఆ గంటసేపు మీటరు నలభై మూడు కిందికి రాలేదు. యంజ్మా ఆయనకూ ఒక గిన్నె టీ ఇచ్చింది. ఆయన తాగి, నివేదికలో ఇలా రాశాడు: "ఇక్కడ పలకలను నీళ్లు వాడకుండా స్థానిక పద్ధతిలో శుభ్రం చేస్తున్నారు. సిబ్బంది తగినంత మంది ఉన్నారు." వెళ్తూ వెళ్తూ పన్నెండు చీపుళ్లూ అక్కడే దింపించాడు. పట్టుకెళ్తే ఎందుకు తెచ్చారని ఆఫీసులో అడుగుతారట.

అక్టోబరు నెలాఖరుకు మిగతా సగం వచ్చింది, బడికి హీటర్లూ వచ్చాయి. నింజిన్ దగ్గడం మానేసింది. తరగతిలో వెచ్చగా ఉండి నిద్రపోతోందని పెద్దపంతులు ఫిర్యాదు చేస్తే చోయ్జిల్ బయటికి వచ్చి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు. యంజ్మా ఆ ఘనతను ఎవరితోనూ పంచుకోలేదు. వారానికోసారి టీ కాస్తుంది, గొంబొ వారానికోసారి మేకలను తోలుకొస్తాడు, చోయ్జిల్ గేటు తీస్తాడు.

నవంబరులో నిజంగానే మంచు పడింది. చోయ్జిల్ తలుపు లేని సామాన్ల గదిలో చూస్తే పన్నెండు చీపుళ్లకూ కర్రలే మిగిలాయి, మిగతాది మేకలు తినేశాయి. న్యాంసురేన్‌కు ఫోన్ చేసి, పలకల మీద తెల్లగా పడింది, ఈసారి మంచే, చీపుళ్లు పంపండి అన్నాడు.

"అన్నా, తనిఖీ ఆయన నాకు అంతా చెప్పారు. ముందు కొంచెం నాకి చూసి చెప్పు," అంది ఆమె.

చోయ్జిల్ వంగి ఒక పలకను నాకి చూశాడు. ఉప్పు లేదు.