పొట్టేలు నాకిన జీపు

దసరాకు ముందు రోజు భూదేవి పెట్టుకున్న పనులు మూడే. పది గంటలకల్లా జీపుకు నీలం రంగు కొట్టాలి. అది ఆరేలోపు గారెలకు పప్పు నానబెట్టాలి. సాయంత్రానికి జీపును కడిగిన ముత్యంలా పంచాయతి ముందుకు తోలుకుపోవాలి. అనుకున్నది అనుకున్నట్టు జరిగింది పప్పు నానడం ఒక్కటే.

ఆ జీపుకు ఇరవై ఆరేళ్లు. ఎల్లారెడ్డి దగ్గరి ఆ పల్లె నుంచి కామారెడ్డి మార్కెట్‌కు కూరగాయలు మోసింది, పెండ్లివాళ్లను మోసింది. ఆ ఊరిలో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి భూదేవి, పట్టింది ఆ జీపు స్టీరింగే. నెల కిందటి దాకా దాని తలుపుల నిండా సొట్టలు. తుప్పు తిన్న మడ్‌గార్డు మీద చేయి వేస్తే చేయి అవతలికి పోయేది. ఆమె భర్త బాలయ్య పాత ఇనుము కొనేవాణ్ణి పండుగ మర్నాడు రమ్మని చెప్పేశాడు. ఆమెను అడగలేదు. జీపును ఎలాగూ అడగడు.

నెల కిందట భూదేవి దాన్ని కామారెడ్డిలో సతీశ్ మేస్త్రి షెడ్డుకు తోలుకుపోయింది. పాత బండ్లకు సొట్టలు తీసి రంగులు వేయడంలో అతనిది అందెవేసిన చేయి అని పేరు. అతను జీపు చుట్టూ ఒక్కసారి తిరిగి, బానెట్ మీద వేలితో కొట్టి విన్నాడు.

"దీనికి చెయ్యాల్సింది డెంటింగు గాదక్కా, దినాలు" అన్నాడు.

షెడ్డులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. వెంట వచ్చిన బాలయ్య అందరికంటే ఎక్కువ నవ్వాడు. భూదేవికి ఒళ్లు మండిపోయింది. మేస్త్రి నవ్వినందుకు కాదు, మొగుడు నవ్వినందుకు.

"నేనే చేసుకుంట" అంది.

తిరుగుదారిలో బాలయ్య ఒక షరతు పెట్టాడు. దసరా నాడు పంచాయతి ముందు బండ్లకు పూజ చేస్తారు కదా, ఆ వరసలో జీపును నిలబెట్టాలి. "ఊర్ల ఒక్కరు నవ్వినా మర్నాడు అది ఇనుప సామాన్ల పోతది. ఎవ్వరు నవ్వకపోతే జీపు నీదే, నేను మల్ల నోరు తెరువ." భూదేవి సరే అంది.

ఆ నెలంతా ఆమె ఫోనులో వీడియోలు చూసి పని నేర్చుకుంది. రబ్బరు సుత్తి లేకపోతే రోకలికి గోనెసంచి చుట్టి లోపలి నుంచి సొట్టలు తట్టింది. మొదటిసారి సొట్టలు పూడ్చే లప్పంలో గట్టిపడే మందు ఎక్కువై డబ్బాలోనే రాయి అయిపోయింది, కలపడానికి తెచ్చిన అట్లకాడ ఇప్పటికీ అందులోనే నిలబడి ఉంది. రెండోసారి కుదిరింది. గరుకు కాగితంతో రుద్ది రుద్ది వేళ్ల తోలు ఊడింది. బాలయ్య అటుగా పోయినప్పుడల్లా ఈల వేసేవాడు. ఈల వినపడితే ఆమె ఇంకాస్త గట్టిగా రుద్దేది. నెల తిరిగేసరికి తలుపుల మీద చేయి వేస్తే ఎక్కడా తట్టుకోవడం లేదు.

మిగిలింది రంగు. రంగు చల్లే గన్ను లేదు, గాలి మిషను లేదు. పొలానికి మందు కొట్టే తైవాన్ పంపు మాత్రం ఉంది. వరి మీద పడే తుంపర జీపు మీద పడదా అనుకుని, పంపును శుభ్రంగా కడిగి, రంగులో థిన్నరు పోసి, మూతికి గుడ్డ కట్టుకుని మొదలుపెట్టింది. రంగు పడింది. పడ్డది పడ్డట్టే డ్రైవరు వైపు తలుపు మీద ధారలు కట్టి కిందికి జారింది.

ఇక్కడ వీడియో చూసి ఉంటే సరిపోయేది. కానీ భూదేవి పాతికేళ్లుగా వ్యవసాయం చేస్తున్న మనిషి. ఆకు మీద మందు జారిపోతుంటే వాళ్ల ఇంట్లో బెల్లం పాకం కలుపుతారు, అంటుకుంటుంది. తలుపు కూడా అంతే కదా. ఒక గిన్నెలో పాకం కాచి తెచ్చి, రెండు గరిటెలు రంగులో కలిపి, అదే గరిటెను మళ్లీ గిన్నెలో పెట్టి, తలుపుకు మరో చేయి కొట్టింది. ధారలు ఆగాయి. గిన్నెను అరుగు మీదే వదిలేసి, కిరసనాయిలుతో చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది.

ఆ సమయానికే భూమయ్య మంద ఆ సందులోంచి వచ్చింది. భూమయ్య గొర్రెలు కాచుకునే మనిషి. ఊరి దసరా అంతా ఆయన మంద మీదే ఆధారపడి ఉంటుంది. అందులో అన్నిటికన్నా పెద్ద పొట్టేలును కామారెడ్డి సతీశ్ మేస్త్రి ముందే మాట్లాడి పెట్టుకున్నాడు. ఆ పొట్టేలుకు బెల్లం వాసన తగిలింది. భూమయ్య వెనకబడ్డ గొర్రెలను అదిలించి వచ్చేసరికి అది తలుపు వదిలి తల తిప్పింది. నోట్లోంచి నీలం నాలుక బయటికి వేలాడుతోంది.

ఆరేళ్ల కిందట వానాకాలంలో నీలి నాలుక రోగం వచ్చి భూమయ్య మంద సగం పోయింది. ఆయన జీపు వైపు చూడను కూడా చూడలేదు. పొట్టేలు మెడ పట్టుకుని అక్కడే కూలబడి, అరుగు మీద ఫోను మాట్లాడుతున్న బాలయ్యకు చూపించాడు.

బాలయ్యకు ఊరికి ఉపయోగపడే అవకాశం అరుదుగా వస్తుంది, వస్తే వదలడు. ముందు సతీశ్ మేస్త్రికి ఫోను చేసి నీ పొట్టేలు పోయినట్టే అన్నాడు. ఎల్లారెడ్డి నుంచి పశువుల డాక్టరు మాలతిని పిలిపించాడు. తర్వాత పంచాయతికి పోయి మైకు అందుకుని, ఈ దసరాకు ఊరిలో ఎవరూ గొర్రె మాంసం ముట్టవద్దని ప్రకటించాడు. తెలంగాణ పల్లెలో దసరా ముందు రోజు ఆ మాట చెప్పడానికి చాలా ధైర్యం కావాలి. జనం పనులు వదిలి పంచాయతికి పరుగెత్తుకొచ్చారు. పొరుగింటి కమలవ్వ అందరికంటే ముందు నిలబడింది. బాలయ్య "నోరు పుండ్లయితది, నాలుక నీలమైతది" అని వివరిస్తుండగా ఆమె ఆయన నోటివైపు వేలు చూపించింది.

"బాలయ్యా, నీ నాలుక గూడ గట్లనే ఉన్నది."

మైకు ఇంకా పనిచేస్తోంది కాబట్టి ఆ మాట ఊరంతా విన్నది. బాలయ్యను అక్కడే మంచం వేసి పడుకోబెట్టారు. ముందు రోజు మాంసం తిన్నవాళ్లు ఇండ్లకు పోయి అద్దాల ముందు నాలుకలు చాపుకున్నారు. బాలయ్య ఇక తనకు ఆశ లేదని, పొలం పని ఎవరు చూస్తారని అడగడం మొదలుపెట్టాడు. మైకులో విన్న భూదేవి పెరట్లోంచి పంచాయతికి పరుగున వచ్చింది. నెల రోజుల కోపం ఆ దారిలోనే ఎక్కడో జారిపోయింది. వచ్చీ రాగానే మొగుడి చేయి పట్టుకుంది.

డాక్టరు మాలతి వచ్చింది, వెనకే మోటరుసైకిలు మీద సతీశ్ మేస్త్రి కూడా వచ్చాడు. ఆమె దూదిని కొబ్బరినూనెలో ముంచి, భూమయ్య తోలుకొచ్చిన పొట్టేలు నాలుక తుడిచి, దూదిని వాసన చూసింది. తర్వాత బాలయ్యను పొద్దున ఏం తిన్నావని అడిగింది. బాలయ్య ఏం తినలేదన్నాడు. దూదికి అంటిన తన జీపు నీలం చూసి భూదేవికి అప్పుడు అర్థమైంది. ఇంటికి పరుగెత్తి అరుగు మీది గిన్నె తెచ్చి అందరి ముందూ పెట్టింది. పాకంలో నీలం చారలు, మధ్యలో నాలుగు వేళ్ల గుర్తులు.

"ఫోను మాట్లాడుకుంట జెర నాకిన" అన్నాడు బాలయ్య మెల్లగా.

"ఇది రోగం కాదు, జీపు రంగు. అంటింది కొంచెమే, ఇద్దరికీ ఏం కాదు" అంది డాక్టరు. ఇద్దరిలో రెండోది పొట్టేలు.

భూమయ్య ఏడ్చాడు. పొట్టేలు మెడ మీద తల పెట్టి నిజంగానే ఏడ్చాడు. భూదేవి ఆయనకు క్షమాపణ చెప్పి, ఏడాదంతా మందను ఎక్కడికి తోలాలన్నా జీపు తెస్తానంది. ఆ తర్వాత ఇంటికి పోయి, తలుపును థిన్నరుతో తుడిచి, ఈసారి వీడియో చివరిదాకా చూసి, జీపంతా పలచగా మూడుసార్లు కొట్టింది.

మేస్త్రి వెళ్లిపోకుండా ఆ మూడుసార్లూ నిలబడి చూశాడు. ఆరిన బానెట్ మీద అరచేయి పెట్టి అటూ ఇటూ జరిపాడు.

"లప్పం బాగ కూసున్నది. ఎవరి దగ్గర చేయించినవక్కా?"

"దినాలు చేసేటోళ్ల దగ్గర" అంది భూదేవి.

దసరా నాడు నీలం జీపు పంచాయతి ముందు ట్రాక్టర్ల మధ్య నిలబడింది. భూదేవి టైరుతో నిమ్మకాయ తొక్కించి, దిగి పక్కన నిలుచుంది. అప్పుడే, ఇంకా నాలుక నీలం వదలని బాలయ్య వచ్చాడు. ఆయన్ను చూసి కమలవ్వ నవ్వింది, భూమయ్య నవ్వాడు, తర్వాత ఊరంతా నవ్వింది. బాలయ్య జీపు వైపూ, జనం వైపూ చేయి చూపించి, చూశావా అన్నట్టు కళ్లెగరేశాడు.

"నవ్విండ్రు, నేను కాదంటలేను" అంది భూదేవి. "జీపును చూసి నవ్విండ్రో, నిన్ను చూసి నవ్విండ్రో, జెర నోరు తెరిచి అడుగు."

పాత ఇనుము కొనేవాడు మర్నాడు వచ్చి ఉత్త చేతులతో పోయాడు. ఆ పండుగకు బాలయ్య గారెలు కూడా నోరు సగమే తెరిచి తిన్నాడు.