బుధవారం ఛాతీ

సర్వే ఆఫీసులో మ్యాపులు గీసే ఉద్యోగిని అందరూ పటాలాయన అంటారు. ఆ సోమవారం ఆయన పెందలాడే లేచి, తలుపు చప్పుడు కాకుండా చేరవేసి జిమ్ముకు వెళ్లాడు. పదకొండేళ్లు బల్ల మీద వంగి గీశాక, కొండల సర్వేకు వెళ్లే బృందంలో మొదటిసారి చోటు దొరికింది. అక్కడ ఆయాసపడితే పరువు పోతుంది. భార్యకు మాత్రం చెప్పలేదు. పోయినసారి మోజుపడి కొన్న వ్యాయామం సైకిలు మీద ఆవిడ ఇప్పటికీ తడిబట్టలు ఆరేస్తోంది.

"వీపుకి చేసేవన్నీ లాగే పనులు సార్," అన్నాడు జిమ్ము కోచ్. "లాగితే చేతుల కండలూ పనిచేస్తాయి. అందుకే ఆ రెండూ ఒకే రోజు. తోసే పనులకి ఛాతీ, భుజాలు ఇంకో రోజు. కాళ్లు విడిగా."

పటాలాయన చేయి తిరిగిన మనిషి. కాగితం మీద మనిషి బొమ్మ గీసి, ఎర్ర సిరాతో గుర్తులు పెట్టి, పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు: సోమవారం వీపు, చేతులు. బుధవారం ఛాతీ, భుజాలు. శుక్రవారం కాళ్లు. ఆదివారం పూర్తి విశ్రాంతి.

మంగళవారం పొద్దున ఆయనకు చేతులు పైకి లేవలేదు. తలనే దువ్వెన దగ్గరికి దించి దువ్వుకున్నాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు, పడక కుదర్లేదు," అని ఆఫీసుకు వెళ్లిపోయాడు.

ఉతకబోతూ చొక్కా జేబు తడిమిన భార్యకు కాగితం దొరికింది. సోమవారం వీపు, చేతులు. అచ్చం అలాగే పట్టేశాయి. రేపు ఛాతీ! ఆఖరి వరుస చదివేసరికి ఆవిడ గోడకు ఆనుకుని కూలబడింది.

వెంటనే తమ్ముడికి ఫోను చేసింది. అతను మందుల షాపులో పనిచేస్తాడు కాబట్టి ఆ కుటుంబానికి సగం డాక్టరు.

"ఏ డాక్టరో వారాలు కట్టి రాసిచ్చాడ్రా! మీ బావ దాచేస్తున్నారు!"

"నువ్వు కంగారుపడకక్కా. బావ దగ్గర అసలు ఆ మాటే ఎత్తకు. వింటే ఆ ఛాతీ ఏదో ఇవాళే వచ్చేస్తుంది," అన్న తమ్ముడు, తాను కంగారుపడి బావ పై ఆఫీసరుకు ఫోను చేశాడు.

మధ్యాహ్నానికల్లా నోటీసు బోర్డు మీది కొండల బృందంలో పటాలాయన పేరు కొట్టేసి ఉంది.

"సార్, నేనేం తప్పు చేశాను?"

"తప్పేముందయ్యా, మన చేతుల్లో ఉన్నదా?" అని ఆఫీసరు తడికళ్లతో ఆయన వీపు తట్టాడు. అసలే పట్టేసిన వీపు. ఆయన కెవ్వుమన్నాడు. ఆఫీసరుకున్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

బుధవారం పొద్దున, పేరు పోయినా పట్టుదల పోక, పటాలాయన బూట్లు తొడుక్కుంటున్నాడు. బావమరిది, ఆఫీసరు లోపలికి దూసుకొచ్చారు.

"బావా, కదలకు! కింద కారుంది, ఆసుపత్రికి వెళ్దాం!"

"నాకేం రోగంరా?"

"పాపం, అందరూ అలాగే అంటారు," అంది భార్య కొంగు నోటికి అడ్డుపెట్టుకుని.

లిఫ్టు పనిచేయడం లేదు. ఆయన్ను బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టి, ముందు బావమరిది, వెనక ఆఫీసరు ఎత్తారు. మూడో మెట్టు దగ్గర కటుక్కుమంది.

"అమ్మో, నా నడుం!" అంటూ బావమరిది వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

ఇంక పటాలాయన కుర్చీలోంచి లేచాడు. బావమరిదిని వీపు మీదికి ఎత్తుకుని, ఎక్కడా ఆగకుండా మూడంతస్తులూ దిగి కారులో కూర్చోబెట్టాడు.

వెనకే దిగొచ్చిన భార్య కాగితం తీసింది. "మరి ఇదేంటండీ? ఆదివారం పూర్తి విశ్రాంతి అంటే?"

"ఆ రోజు జిమ్ముకి సెలవే!"

ఆవిడకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆఫీసరు మాత్రం ఆ మూడంతస్తుల మెట్లనీ, ఆ వీపునీ మార్చి మార్చి చూశాడు.

సాయంత్రం నోటీసు బోర్డు మీద పటాలాయన పేరు మళ్లీ ఎక్కింది, పరికరాలు మోసేవాళ్ల వరుసలో.