ఐదు కిలోల చిలకాకుపచ్చ

మంగళవారం పొద్దున అద్దకం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. వాన పడాలి, అక్క నాలుగు చెంచాల రంగు వేయాలి, తెల్లగుడ్డ పచ్చబడాలి. భోజనాల వేళకు అంతా తేలిపోతుందని ఆయన భార్యతో చెప్పాడు. ఆవిడ విన్నట్టూ విననట్టూ తలూపి, గిన్నెలు సర్దుకుంటూ ఉండిపోయింది.

మాస్టారు బట్టలకు రంగులద్దుతాడు. ఏటవాలుగా దిగే వీధికి అట్టడుగున ఆయన షాపు. ముందు గదిలో గుడ్డల బేళ్లు, నడిమి గదిలో రంగు తొట్లు, వాటి వెనక బట్టలు ఆరేసుకునే పెరడు. ఆరేసిన బట్టలకు మట్టి మరకలు పడకుండా ఆ పెరడుకు ఆయనే దగ్గరుండి నున్నగా సిమెంటు చేయించుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా అదే షాపు, అదే పని. అందులో మొదటి ఇరవై మూడేళ్లు ఎంత వాన కురిసినా లోపల చుక్క తడి లేదు. తర్వాతే వచ్చింది తంటా. వీధి ఎగువన పొదలు మొలిచిన మెట్టనేల పోయి ఎనిమిది అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటి చుట్టూ వేలెడు మట్టి కనపడకుండా సిమెంటు పరిచారు. అప్పటి నుంచీ వాన వస్తే చాలు, షాపులో నీళ్లు.

మొదటి ఏడాది పాదాలు తడిశాయి. మాస్టారు ముందు గుమ్మానికి ఒక వరస ఇటుకలు కట్టాడు. రెండో ఏడు నీళ్లు చీలమండలు దాటాయి. ఇంకో వరస కట్టాడు. మూడో ఏడు పిక్కల దాకా వచ్చాయి. మూడో వరస కూడా కట్టాడు. ఆయన గుమ్మం ఎంత లేపితే నీళ్లూ అంతే లేస్తున్నాయి, పంతం పట్టినట్టు. వాన మొదలైతే చీపురు పుచ్చుకుని గుమ్మంలో నిలబడి వీధికేసి కాపలా కాస్తాడు. అంత కాపలా కాసినా అవి లోపలికి దూరే క్షణం మాత్రం ఒక్కసారీ ఆయన కంట పడలేదు.

ఆ ఏడు మొదటి మబ్బు కనపడగానే మాస్టారి భార్య తన నిర్ణయం చెప్పేసింది.

"ఇంకొక్కసారి నీళ్లొచ్చాయంటే షాపు ఎత్తేద్దామండీ. మా తమ్ముడు తన రెడీమేడ్ దుకాణంలో మీకు కుర్చీ వేస్తానన్నాడు. మూడో అంతస్తు, నీళ్ల బాధ ఉండదు."

నీళ్ల బాధే కాదు, నీళ్లే ఉండవక్కడ. తొట్టి లేదు, పొయ్యి లేదు. ఎవరో ఎక్కడో రంగులద్దిన చొక్కాలు మడతపెడుతూ బావమరిది కళ్లెదుట కూర్చోవాలి. అది తలుచుకుంటే మాస్టారికి ముద్ద దిగడం లేదు.

అందుకే ఆయన డ్రైనేజీ ఆఫీసుకు కాళ్లరిగేలా తిరిగాడు. అక్కడి ఇంజనీరు మర్యాదస్తుడు. వెళ్లిన ప్రతిసారీ కుర్చీ చూపించి, గోడ మీద పటం కూడా చూపించేవాడు. ఆ పటంలో ఎగువ నీళ్లన్నీ ఒక నీలం గీత వెంట, పార్కు వెనకగా, నేరుగా కాలువలో కలుస్తాయి. మాస్టారి వీధి ఛాయలకైనా రావు. ఆ పటం గీసినప్పుడు ఎగువన రెండే రెండు ఇళ్లుండేవి. ఆ మాట మాస్టారు నాలుగోసారి గుర్తుచేసేసరికి ఇంజనీరు పెన్ను మూత పెట్టాడు.

"మీ షాపులోకి వచ్చేవి ఎగువ నీళ్లే అనడానికి రుజువేదీ? రుజువు చూపించండి, రేపే పని మొదలుపెడతాను. నీళ్ల మీద ఎవరి పేరూ రాసి ఉండదు కదా మాస్టారూ."

మాస్టారు లేచి బయటికొచ్చాడు. మెట్లు దిగుతుండగా ఆయనకు ఆలోచన తట్టింది. నీళ్ల మీద పేరు రాయడం ఆయన వల్ల కాకపోవచ్చు గానీ, ఇరవై ఆరేళ్లుగా నీళ్లలో రంగు కలపడమే కదా ఆయన పని.

మాస్టారి అక్క ఉండేది ఆ ఎగువ అపార్ట్‌మెంట్లలోనే, కింది అంతస్తులో. కార్లు పెట్టే చోటు వెనక వాననీళ్లు దిగే పెద్ద గుంత ఒకటుంది. దాని ఇనప మూత అక్క వంటింటి కిటికీకి నాలుగడుగుల దూరం. మాస్టారు ఐదు కిలోల చిలకాకుపచ్చ రంగు డబ్బా ఆవిడ ఇంట్లో దించి, వాన ఊపందుకోగానే నాలుగంటే నాలుగు చెంచాలు ఆ గుంతలో వేయమన్నాడు. డబ్బా మొత్తం ఎందుకు తెచ్చాడంటే, అది సీలు విప్పని డబ్బా. దాన్ని విప్పి పొట్లం కట్టే ఓపిక లేకపోయింది. ఆ రంగు గట్టిదనీ, చెంచాడు వేస్తే తొట్టెడు నీళ్లు పచ్చబడతాయనీ, ఒంటికి హాని చేయదనీ చెప్పాడు. అక్క పెదవి విరిచింది. పద్నాలుగేళ్ల కిందట తమ్ముడు రంగు వేసిచ్చిన ఆవిడ చీర రెండు ఉతుకులకే వెలిసిపోయింది. ఆ సంగతి ఆవిడ మరిచిపోలేదు, చుట్టపక్కాలెవరినీ మరిచిపోనివ్వలేదు.

మంగళవారం పది గంటలకు వాన దంచడం మొదలుపెట్టింది. మాస్టారు ముందు గుమ్మం బయట వైపు చాపంత తెల్లగుడ్డ కట్టి, చీపురుతో సిద్ధంగా నిలబడ్డాడు. అక్క ఫోన్ చేసి "వేసేశాను" అని పెట్టేసింది. ఇక ఈ గుడ్డ పచ్చబడటమే తరువాయి. దాన్ని తీసుకెళ్లి ఇంజనీరు బల్ల మీద పరచాలి. అప్పుడాయన ఏమంటాడో, పటం వంక ఎలా చూస్తాడో ఊహించుకుంటూ మాస్టారు ఐదు నిమిషాలకోసారి గుడ్డ పైకెత్తి చూశాడు. వీధి వెంట గోధుమరంగు నీళ్లు పోతూనే ఉన్నాయి. గుడ్డకు బురద అంటింది గానీ పచ్చదనం జాడ లేదు.

పదిన్నరకు ఎదురింటాయన ఫోన్ పట్టుకుని వరండాలోకి వచ్చాడు. పై వీధిలో బ్యాంకు నేలమాళిగలోకి పచ్చటి నీళ్లు దిగాయట. మాస్టారు ఉలిక్కిపడ్డాడు. ఆ బ్యాంకుకూ తన షాపుకూ సంబంధమే లేదు, అది వేరే దిక్కు. పావుగంట గడిచాక ఫంక్షన్ హాలు వంటశాలలో పచ్చనీళ్లు అన్నారు. ఆ తర్వాత పార్కుకు అవతల ఉన్న స్కూలు ఆటస్థలంలో అన్నారు. అక్కడ ఒకావిడ తెల్లకుక్క బంతి కోసం నీళ్లలో దూకి చిలకలా పైకి వచ్చిందట. ఆవిడ దాన్ని ఒళ్లో వేసుకుని ఆస్పత్రికి వెళితే, ఆ చీర చూసి నర్సు ముందు ఆవిడనే పడుకోబెట్టిందట.

పదకొండింటికి ఊరంతా గగ్గోలు. విషం అన్నవాళ్లు కొందరు, నాచు అన్నవాళ్లు కొందరు. ఎవరూ కుళాయి తిప్పడం లేదు. ఎరువుల గోడౌనులో డబ్బాలు పగిలాయని ఎవరో అంటే పోలీసులు వెళ్లి దాని చుట్టూ తాడు కట్టారు. గోడౌను యజమాని అది పెయింట్ల దుకాణం నిర్వాకం అన్నాడు. పెయింట్ల దుకాణదారు షేడ్ కార్డు తెచ్చి, అందులో ఉన్న నలభై పచ్చల్లో ఆ పచ్చ లేదని పోలీసులకు ఒక్కొక్కటే చూపించాడు.

ఇదంతా వింటూ మాస్టారు మనసులో లెక్క వేసుకున్నాడు. నాలుగు చెంచాలకు నాలుగు తొట్లు. ఎంత సాగదీసినా నాలుగు చెంచాల రంగు ఊరంతా రాదు. అంటే ఇది ఇంకెవరిదో రంగు. మరి తన రంగు ఏమైంది? అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆ కంగారులో తన చీలమండల చుట్టూ చల్లగా నీళ్లు చేరిన సంగతి ఆలస్యంగా గమనించాడు. నడిమి గది గడపలో భార్య చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. చేతిలో ఉన్న ఫోన్‌లో తమ్ముడి నంబరు చూసుకుంటోంది.

సరిగ్గా అప్పుడే షాపు ముందు జీపు ఆగింది. ఇంజనీరు దిగాడు. ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా చిలకాకుపచ్చ. చేతిలో పచ్చనీళ్ల సీసా, చంకలో మడతపెట్టిన పటం.

"మా ఆఫీసులోకే వచ్చేశాయి మాస్టారూ, నా కుర్చీ కిందికి. పెయింట్లాయన ఇది బట్టల రంగులా ఉంది, మిమ్మల్నే అడగమన్నాడు. మీరు చెబితే ఊరు ఊపిరి పీల్చుకుంటుంది."

మాస్టారు సీసా వెలుతురుకు పట్టి చూశాడు. కన్నబిడ్డను గుర్తుపట్టనివాడెవడు? అయినా ఒక దూది ముక్క ముంచి, పిండి, వాసన చూసి, నిపుణుడిలా తల పంకించాడు. ఇది బట్టల రంగేననీ, దీనివల్ల ఎవరికీ ఏమీ కాదనీ చెప్పాడు. ఇంజనీరు తేలిగ్గా నిట్టూర్చి, వెంటనే ఆఫీసుకు ఫోన్ చేసి ఆ మాట చేరవేశాడు. తర్వాత తన ప్యాంటు వంక చూసుకుని, ఉతికితే పోతుందా అని అడిగాడు.

పోతుందంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ పద్నాలుగేళ్లుగా అక్క వేస్తున్న నిందకు జవాబు మాస్టారి నాలుక మీదే ఉంది.

"పోదు సార్. ఇది గట్టి రంగు."

"ఊరంతా ఇంత కావాలంటే ఎంత వేసి ఉండాలి?"

"తక్కువలో తక్కువ ఐదు కిలోల డబ్బా…" అనేసి మాస్టారు ఠక్కున ఆగిపోయాడు. ఆయనకు అప్పుడు అర్థమైంది.

అర్థమైన మరునిమిషం గుమ్మం ముందు ఆటో ఆగింది. అక్క మూడు వరసల గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టింది. రెండు చేతులూ మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి.

"చేరిందా తమ్ముడూ? ఎంత రుద్దినా చేతులకు పోవడం లేదు, ఫోన్ ఎలా పట్టుకోను? నాలుగు చెంచాలట. నీ రంగు సంగతి నాకు తెలియదా, దారిలోనే వెలిసిపోతుందని డబ్బా మొత్తం బోర్లించేశాను."

ఇంజనీరు అక్క చేతుల వంక చూశాడు, తన ప్యాంటు వంక చూసుకున్నాడు, మాస్టారి వంక చూశాడు. మాస్టారు నీళ్లు నములుతూ, సార్ రుజువు అడిగారు కదా అని సణిగాడు. ఇక జీపు ఎక్కించడమే తరువాయి అనుకున్నాడు.

ఇంజనీరు జీపు ఎక్కించలేదు. స్టూలు మీద కూలబడి, పటం విప్పి గుడ్డల బేలు మీద పరిచాడు. పొద్దుటి నుంచీ కబురు వచ్చిన ప్రతి చోటా ఆయన ఒక పచ్చ చుక్క పెట్టుకుంటూ వచ్చాడు. పదకొండు చుక్కలు. ఆయన తొమ్మిదేళ్లుగా అందరికీ చూపిస్తున్న నీలం గీత మీద ఒక్క చుక్క కూడా లేదు. కాలువ దగ్గరికి మనిషిని పంపించి చూశాడట. అక్కడ పచ్చనీళ్లు చెంబెడు కూడా లేవు.

"మరైతే ఎలా వెళ్లాయి సార్?" అని మాస్టారు భయం మరిచిపోయి అడిగాడు. అక్క కూడా పచ్చచేతులు వెనక్కి కట్టుకుని పటం మీదికి వంగింది. ముగ్గురూ కలిసి వేలితో వెతికారు. అపార్ట్‌మెంట్ల కింద ఒకప్పుడు వాగు ఉండేదని అక్క చెప్పింది. దానికి అడ్డంగా ప్రహరీ కట్టారు కాబట్టి నీళ్లు పక్కకు తిరిగి బ్యాంకులో దిగాయి. బ్యాంకువాళ్లు మోటారు పెట్టి తోడితే ఫంక్షన్ హాలు వైపు మళ్లాయి. ఫంక్షన్ హాలువాళ్లు లారీల కొద్దీ మట్టి పోసి ముంగిలి ఎత్తు చేసుకున్నారు కాబట్టి, వంటశాల ముంచి స్కూలు మీద పడ్డాయి. స్కూలు నుంచి డ్రైనేజీ ఆఫీసుకు ఎందుకొచ్చాయని మాస్టారు అడిగితే, ఇంజనీరు గొంతు తగ్గించి, ఆఫీసు కట్టింది పాత కుంటలోనని ఒప్పుకున్నాడు. ఎవరి గుమ్మం వాళ్లు ఎత్తుకుంటే నీళ్లు పక్కింటికి పోతున్నాయి. కథ ఇంత తేటగా ఉంటుందని ముగ్గురిలో ఎవరూ అనుకోలేదు. మాస్టారికి ఒళ్లు పులకరించింది.

"ఇక మా షాపు మీద కూడా పన్నెండో చుక్క పెట్టేయండి సార్" అన్నాడు ధీమాగా.

ఇంజనీరు పెన్ను ఎత్తి, మరి రుజువేదని అడిగాడు. మాస్టారి భార్య వెళ్లి గుమ్మానికి కట్టిన గుడ్డ విప్పుకొచ్చి, బిందెలో జాడించి, అందరి ముందూ విదిలించి పట్టుకుంది. బురద పోయింది. గుడ్డ మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

ఇంజనీరు వంగి, చీలమండల చుట్టూ ఉన్న నీళ్లు దోసిట్లోకి తీసుకున్నాడు. పచ్చదనం లేదు సరికదా, వీధి బురద కూడా లేదు. తాగడానికి ఇవ్వచ్చు.

"మరి ఈ నీళ్లెక్కడివి మాస్టారూ?"

మాస్టారు అలవాటుగా వీధికేసి చూపించాడు. ఆయన భార్య నడిమి గది దాటి వెళ్లి వెనక తలుపు బార్లా తీసింది. పెరడు నిండా నీళ్లు తళతళలాడుతున్నాయి. చుట్టూ ఉన్న నాలుగు ఇళ్ల డాబాల గొట్టాలు, ఇరవై ఆరేళ్లుగా ఎలా పోస్తున్నాయో అలాగే, ఆ పెరట్లోకి ధారలు పోస్తున్నాయి. మూడేళ్ల కిందట సిమెంటు పడేదాకా మట్టి వాటిని గుటకలేసి తాగేసేది. నున్నటి సిమెంటు తాగలేక, తలుపు కింది సందులోంచి షాపులోకి పంపిస్తోంది. ముందు గుమ్మానికి మూడు వరసల ఇటుకలు ఉండటంతో అవి వీధిలోకి పోలేక, లోపలే హాయిగా నిలిచిపోతున్నాయి.

ఇంజనీరు గుమ్మం దగ్గరికి వెళ్లి ఇటుకలు తట్టి చూశాడు. కట్టుబడి బాగుందని మెచ్చుకున్నాడు.

"వెనక తలుపు కింద తడి కనిపిస్తోందని పోయినేడే చెప్పాను. మీరు వీధిలోకి చూస్తూ అలాగే, అలాగే అన్నారు" అంది మాస్టారి భార్య.

మూడేళ్లు ఆ అపార్ట్‌మెంట్లను పేరుపేరునా తిట్టిన మనిషి, ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియక తన అరచేతులు చూసుకున్నాడు. ఆయనకు నిజంగానే సిగ్గేసింది. షాపు ఎత్తేద్దామా మరి అని భార్యను మెల్లగా అడిగాడు.

ఆవిడ ఫోన్ కొంగున ముడేసుకుంది.

"ఎక్కడికెళ్లినా మీరు సిమెంటు చేయిస్తారు. ఇక్కడే ఉండి దీన్ని పగలగొట్టండి."

మాస్టారు గునపం తెచ్చి ముందు గుమ్మం మీద మొదటి దెబ్బ వేశాడు. మూడేళ్లుగా దారి అడుగుతున్న నీళ్లు బిలబిలమంటూ వీధిలోకి వెళ్లిపోయాయి. మర్నాడు పొద్దున్నే పెరట్లో సిమెంటు పని పట్టాడు. అక్క కూడా వచ్చి, పచ్చచేతులతో పలుగు పక్కన పెట్టి, వెలిసిపోయిన ఆ పాత చీర సంచిలోంచి తీసి, ఇదే రంగు దీనికీ వేసిపెట్టమంది.

ఇప్పుడు డ్రైనేజీ ఆఫీసులో పాత పటం లేదు. కొత్తదానిలో ఊరి నీటి దారులన్నీ చిలకాకుపచ్చ గీతలు. ఏటవాలు వీధి అట్టడుగున ఒక్క షాపు మాత్రం తెల్లగా ఉంటుంది, దాని పక్కన ఇంజనీరు చేతిరాతతో "సొంత నీళ్లు" అని ఉంది.